వరండాలో వరల్డ్ కప్పు

అక్టోబరు 8, ఆదివారం

శశిధర్ ఇంట్లో మ్యాచ్, చెన్నైలో ఆస్ట్రేలియాతో. రెండు పరుగులకి మూడు వికెట్లు. ఆ మూడూ నేను వెళ్ళి సోఫాలో కూర్చున్నాకే పడ్డాయని కనిపెట్టినవాడు సంజయ్. "ఉదయ్ భయ్యా, దేశ్ కే లియే, బాహర్!" అని రెండు చేతులూ జోడించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, లేచి వరండాలోకి వచ్చేశాను. ఆ తర్వాత మనవాళ్ళు కుదురుకున్నారు, గెలిచారు.

ఇది కొత్తేం కాదు. 2019 సెమీఫైనల్లో నేను ఇదే గుమ్మంలో కాలు పెట్టడం, టీవీలో రనౌటు కావడం ఒకేసారి జరిగాయి. అప్పట్నుంచి సంజయ్ లాంటి ఇక్కడి హిందీవాళ్ళకి నేను పనౌతీ, ఇక్కడికొచ్చి స్థిరపడ్డ మన తెలుగువాళ్ళకి ఐరన్ లెగ్. ఉక్కు ఊళ్ళో ఐరన్ లెగ్ ఉండక ఇంకెక్కడుంటుంది అని నేనే జోకేస్తుంటాను. ముందు మనమే అనేసుకుంటే తర్వాత అనేవాడి మాటకి పదునుండదు.

ఇంటికొచ్చాక మా ఆవిడ నీలిమ అడిగింది. "మనింట్లో టీవీ లేదేటి?"

ఉంది. కానీ ఒక్కణ్ణీ కూర్చుని మ్యాచ్ చూడటం నాకు చేతకాదు. పైగా వరండాలో గాలి బాగుంటుంది.

అక్టోబరు 14, శనివారం

పాకిస్తాన్ మీద గెలిచాం. నేను మొదటి బంతి నుంచీ వరండాలోనే ఉన్నాను. ఎవరూ పొమ్మనకముందే వెళ్ళి నిలబడ్డాను.

ఇవాళ ఒక కొత్త మనిషి. వెనక వీధి గురునాథరావు గారి కూతురు హరిత. ఢిల్లీలో ఫోటోలు తీయడం చదువుకుని వచ్చిందట. మెడలో నల్లటి పెద్ద కెమెరా. లోపలికి పోకుండా నన్నే నాలుగైదు సార్లు క్లిక్కుమనిపించింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"ఊరికే అంకుల్. మ్యాచ్ తియ్యడానికి స్టేడియంలో చాలామంది ఉన్నారు కదా. నేను మ్యాచ్ చుట్టూ ఉన్న ఆమ్ లోగ్‌ని, మామూలు మనుషుల్ని తీస్తున్నాను."

"లోగ్ అందరూ లోపలున్నారు."

"లోపలా తీస్తాను. కానీ మీరు బయట ఎందుకున్నారు?"

గాలి కోసం అని చెప్పాను. అలాగా అన్నట్టు తలూపింది. ఆ తలూపడం నాకు నచ్చలేదు. ఎవరో ముందే చెప్పి పంపినట్టుంది.

అక్టోబరు 22, ఆదివారం

న్యూజిలాండ్ మీద గెలిచాం. వరండా. హరిత మళ్ళీ వచ్చింది. 'ఊరికే' అన్న మాటని నేను ప్లాంటులో పాతికేళ్ళుగా వింటున్నాను. ఊరికే వచ్చాను, ఊరికే అడిగాను అన్న ప్రతివాడి వెనకా ఏదో ఒక ఎంక్వైరీ ఉంటుంది.

అక్టోబరు 24, దసరా

మంచి కబురు. శశి కూతురు ప్రసన్నకి సంబంధం కుదిరింది. అబ్బాయిది విశాఖపట్నం. దీపావళి వెళ్ళాక ఇక్కడే హాల్లో నిశ్చితార్థం. శశి స్వయంగా వచ్చి చెప్పాడు.

"తాంబూలాలు మార్చుకున్నప్పుడు నా పక్కన నువ్వే కూకోవాల్రా. నాకు తమ్ముళ్ళేరి? దానికి బాబాయివంటే నువ్వే గదా."

మా నాన్నా వాళ్ళ నాన్నా విజయనగరం నుంచి ఒకే ఏడు వచ్చి ప్లాంటులో చేరారు. లక్ష్మీప్రసన్నని స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని స్కూలుకి దింపినవాణ్ణి నేను. మాకు పిల్లలు లేని లోటు చాలావరకు ఆ పిల్లే తీర్చింది. శశి వెళ్ళాక నీలిమ చూడకుండా కళ్ళు తుడుచుకున్నాను. చూసిందనే అనుకుంటాను.

అక్టోబరు 31, మంగళవారం

నిశ్చితార్థానికి పట్టుపంచె కొందామని పవర్ హౌస్ బజారుకి వెళ్ళాను. ఆటోలు ఆగేచోట హరిత. ఒక ఆటోలో నలుగురు డ్రైవర్లు ఒక సెల్‌ఫోను మీద తలలు ఆనించి పాత మ్యాచ్ ముక్కలు చూస్తున్నారు. ఈ అమ్మాయి నేలమీద గొంతుక్కూర్చుని వాళ్ళని తీస్తోంది. అరటిపళ్ళ బండి వెనక నిలబడి చాలాసేపు చూశాను. ఆటోవాళ్ళయ్యాక టీ కొట్టువాణ్ణి తీసింది. వాడి వెనక టీవీ మోగుతోంది. వాడు మటుకు వెనక్కి తిరక్కుండా పాలు పొంగకుండా చూసుకుంటున్నాడు.

ఎన్నికల రోజులు. ఇలా ఊరంతా తిరిగి మనుషుల్ని తీసుకెళ్ళేది ఏ పార్టీవాళ్ళకో అయ్యుండాలి. లేకపోతే ఆ రీల్సు. 'ఇండియాని గెలిపించడానికి బయట నిలబడే మనిషి' అని కింద రాసి వదిలితే చాలు, దేశం మొత్తం నన్ను చూసి నవ్వుతుంది. నిశ్చితార్థానికి వచ్చే విశాఖపట్నం వాళ్ళతో సహా.

దగ్గరకెళ్ళి అడిగేశాను. "ఈ ఫోటోలన్నీ ఎక్కడికెళ్తాయమ్మా?"

"ఒక ఎగ్జిబిషన్‌కి అంకుల్. సెలెక్ట్ అయితే. మీరు అరటిపళ్ళు కొన్లేదా? అంతసేపున్నారు!"

పళ్ళు కొని వచ్చేశాను. పంచె కొనడం మర్చిపోయాను.

నవంబరు 2, గురువారం

శ్రీలంకని ఊదేశారు. ఇవాళ గురునాథరావు గారు కూడా వచ్చారు. ఆయన వికెట్టు పడగానే కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు. కనకలత చెల్లెమ్మ మాత్రం వికెట్టు పడితే ముందు మొగుడు శశి వైపు చూస్తుంది, వాడు ఎగిరాకే తను నవ్వుతుంది. శశి ఆనందం ఆపుకోలేకపోతే పక్కవాడి తొడ మీద గుద్దుతాడు. ఇదివరకు ఆ తొడ నాది. ఇప్పుడు సంజయ్ తొడ.

నేను లోపలికి తొంగి చూడను. అది ఒప్పందం.

మ్యాచ్ అయ్యాక హరిత తన కెమెరా వెనక అద్దంలో ఏదో చూపిస్తోంది, కనకలత పడీపడీ నవ్వుతోంది. నేను గుమ్మంలోకి రాగానే ఇద్దరూ ఆపేశారు. ఏమిటమ్మా అంటే, "ఏటీ లేదన్నయ్య గారూ" అంది కనకలత. ఏమీ లేనిదానికి అంత నవ్వు రాదు.

నవంబరు 5, ఆదివారం

గెలిచాం. వాళ్ళు 83కే ఆలౌటట. 'ట' ఎందుకంటే నేను చూడలేదు కాబట్టి.

నవంబరు 9, గురువారం

డ్యూటీ దిగాక శశిని గేటు దగ్గర పట్టుకున్నాను. ముహూర్తం ఎన్నింటికని అడిగాను.

"పంతులు గారు ఇంకా తేల్చలేదురా. చెప్తాను లే."

"తేదీ తేల్చినాయన టైము తేల్చలేదా?"

"నువ్వు మరీ ఎంక్వైరీ ఆఫీసర్లాగ అడుగుతావేట్రా" అని నవ్వుతూ బండి ఎక్కేశాడు. నవ్వాడు, కానీ నా మొహం వంక చూడలేదు. ఇంటికొచ్చి నీలిమకి చెప్తే, అట్లకాడ చేత్తోనే ఒక్క క్షణం ఆగి, అట్టు తిరగేసింది. ఈమధ్య ఈవిడ కూడా ఏదో దాస్తోంది.

నవంబరు 12, దీపావళి

గెలిచాం. టపాసుల మోతలో లోపలి అరుపులు సరిగ్గా వినపడలేదు. అయినా ఫోరేదో సిక్సేదో నాకు తెలిసింది. ఎలా తెలిసిందంటే అలవాటు.

నవంబరు 15, బుధవారం

సెమీఫైనల్. సంజయ్ వరండాలో నా కోసం ప్లాస్టిక్ కుర్చీ వేసి, దానికి బంతిపూల దండ కట్టాడు. "భయ్యా కా సింహాసన్!" అన్నాడు. పిల్లా పెద్దా అందరూ ఫోన్లలో తీసుకున్నారు. నేను దండ మెడలో వేసుకుని చెయ్యి ఊపాను. ప్రసన్న ఒక్కతే తీయలేదు. "బాబాయ్, లోపలికి రా, ఏటీ అవ్వదు" అంది. వాళ్ళమ్మ ఆ పిల్లని లోపలికి పిలిచింది, పకోడీలు అందించడానికట.

కాసేపటికి హరిత వచ్చి మెట్ల మీద కూర్చుంది. కెమెరా ఒళ్ళో పెట్టుకుంది, తీయలేదు.

"అంకుల్, మీకు గుస్సా రాదా?"

"ఆటకి కోపమేటమ్మా?"

"ఆటేనా?"

ఈ పిల్ల అడిగే ప్రశ్నలు మామూలువి కావు. నా చేత ఏదో అనిపించి శశికి మోసేద్దామని. నేను అంత తేలిగ్గా దొరకను. "ఆటే, ఆటే" అని రెండుసార్లు చెప్పాను.

గెలిచాం. ఫైనల్. శశి పరిగెత్తుకుంటూ బయటికొచ్చి నన్ను ఎత్తేసినంత పని చేశాడు. "ఇంకొక్కటిరా! ఇంకొక్క మ్యాచ్ బయటుండీరా, నీకు దణ్ణం పెడతాను!" వాడి గుండె నా గుండెకి తగిలి కొట్టుకుంటుంటే అనుమానాలన్నీ పోయాయి. రాత్రి హాయిగా నిద్రపట్టింది.

నవంబరు 17, శుక్రవారం

ఓటు వేశాను. పోలింగు దగ్గర హరిత ఎక్కడా కనిపించలేదు. ఎందుకు కనిపించలేదో?

నవంబరు 19, ఆదివారం

ఓడిపోయాం.

నేను కిటికీ వైపు ఒక్కసారి కూడా తిరగలేదు. దేవుడి మీద ఒట్టు.

నవంబరు 20, సోమవారం

నిన్న రాయడానికి చేతులు రాలేదు. ఇవాళ రాస్తాను.

వాళ్ళవి మూడు వికెట్లు త్వరగా పడ్డాయి. లోపల సంబరం. ఆ తర్వాత ఇద్దరు బ్యాట్లు పాతేసుకుని నిలబడిపోయారు. లోపల ఒక్కొక్కళ్ళే మాటలు మానేశారు. గురునాథరావు గారు కళ్ళద్దాలు మడిచి జేబులో పెట్టేసుకున్నారు. ఆఖరికి టీవీ కట్టేసిన చప్పుడు.

ఇప్పుడు రాయబోయేది ఎవరికీ చెప్పలేను. ఓడిపోయామనగానే నాకు ఏడుపు రాలేదు, సంతోషం వేసింది. నేను చూడకపోయినా ఓడిపోయాం! నాకూ దీనికీ సంబంధం లేదు! నాలుగేళ్ళ దరిద్రం ఒక్క పూటలో వదిలింది. గుమ్మంలోకి వెళ్ళి నవ్వుమొహంతోనే అన్నాను. "ఇప్పుడేమంటారు? నేను వరండాలోనే ఉన్నాను. ఒక్క బంతి చూస్తే ఒట్టు."

"ఖిడ్కీ సే దేఖా హోగా" అన్నాడు సంజయ్ తల పట్టుకునే. కిటికీలోంచి చూసుంటానట.

నాకు ఒళ్ళు మండింది. హరిత వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. "అమ్మా, నువ్వు మొదట్నుంచీ తీస్తున్నావు కదా. చూపించు వీళ్ళకి. నేనెక్కడైనా ఉన్నానా?"

"వద్దంకుల్."

"వద్దేటి? చూపించమంటున్నాను!"

చూపించలేదు. కెమెరా వెనక్కి పెట్టుకుంది. ఆ పిల్ల ఏదో దాస్తోందని అందరి ముందూ అనేశాను. అప్పుడు చూపించింది.

కిటికీ ఊచల మధ్య నా మొహం.

సంజయ్ కెమెరా లాక్కుని వేలితో నొక్కుకుంటూ పోయాడు. తర్వాతి దాంట్లోనూ ఉన్నాను. ఆ తర్వాతి దాంట్లోనూ. "మూడో వికెట్ పడ్డాక వచ్చాడు భాయ్! వహీ సే పార్ట్‌నర్‌షిప్ షురూ!" అని కేక పెట్టాడు. ఆ కెమెరా అద్దాన్నే తన ఫోనుతో ఫోటో తీసుకున్నాడు. అందరూ నవ్వారు, ఏడుపు మొహాలతోనే. నేనూ నవ్వాను. శశి నవ్వాడో లేదో గుర్తులేదు. తెల్లారేసరికి ఆ బొమ్మ కాలనీ గ్రూపులో ఉంది.

నవంబరు 21, మంగళవారం

మిల్లులో క్రేన్ ఆపరేటర్ కూడా అడిగాడు, కిటికీ ఎలా ఉంది భయ్యా అని.

ఆ ఫోటో పొద్దుట్నుంచీ చూస్తూనే ఉన్నాను. సోఫాలో, నేలమీద అందరి వీపులూ, అందరి తలల వెనకభాగాలూ ఉన్నాయి. గోడకి టీవీ, దాని పక్కనే కిటికీ. మొహం కనిపించే మనిషిని నేనొక్కణ్ణే.

అప్పుడు తట్టింది. టీవీ ఉన్నదీ కిటికీ ఉన్నదీ ఒకే గోడకి! ఆ కిటికీలోంచి చూస్తే టీవీ కనిపించదు. ఎలా కనిపిస్తుంది? వాళ్ళ మొహాలు మాత్రమే కనిపిస్తాయి. ఆ గదిలో అంతమంది ఉన్నారు, ఒక్కరికీ ఈ మాట తట్టలేదు. ఆ సోఫాలో ఇన్నేళ్ళు కూర్చున్న నాకే తట్టలేదు.

సరే, రాస్తాను. చెన్నై మ్యాచ్ దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నాను. ప్రతి మ్యాచ్. బంతిని కాదు. గురునాథరావు గారి కళ్ళద్దాలనీ, కనకలత ఎదురుచూసి నవ్వడాన్నీ, శశి చేతినీ. నా వరల్డ్ కప్పు అదే.

నవంబరు 22, బుధవారం

కనకలత ఫోను చేసింది. "అన్నయ్య గారూ, రేపు ప్రసన్న నిశ్చితార్థం కదా, మీరూ వదినా పన్నెండున్నరకల్లా భోజనానికి వచ్చీయండి." శశి ఊళ్ళోంచి వచ్చినవాళ్ళతో పనిలో ఉన్నాడట. సరే అన్నాను.

సాయంత్రం హరిత ఇంటికెళ్ళాను, గట్టిగా అడుగుదామని. ఎవరు చెప్పి తీయించారు, సంజయా, కనకలతా?

"నాకెవరు చెప్తారంకుల్? అందరూ ఒకే వైపు చూస్తున్నారు, మీరొక్కరే ఉల్టా చూస్తున్నారు. అందుకే తీశాను. నేనూ అదే కదా చేస్తున్నాను. గ్రూప్‌లో పెట్టింది నేను కాదు, సారీ. కావాలంటే రేపు హాల్లో సంజయ్ అంకుల్‌తో గొడవ పడతాను."

"నువ్వూ వస్తున్నావా?"

"ఫోటోలు నావే. తొమ్మిదిన్నరకి రమ్మన్నారు, పదింటికి తాంబూలాలు అని..." అని ఆగిపోయింది. నా మొహం చూసి ఆగిపోయింది.

ఇంటికొచ్చి నీలిమకి చెప్పాను. నీలిమ కూర్చుండిపోయింది. తనకి తెలుసట. దసరా అయిన వారానికే కనకలత వచ్చి, ఏమీ అనుకోకు వదినా, అటువైపు పెద్దవాళ్ళకి పట్టింపులెక్కువ అందట.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు పంచె కొనుక్కుందుకెళ్ళావు కదా. ఏటని చెప్పను?"

అటువైపు పెద్దవాళ్ళకి నేనెవరో ఎలా తెలుస్తుంది? ఎవరో చెప్తేనే కదా.

నవంబరు 23, గురువారం

పాత పంచె కట్టుకుని పొద్దున్నే బయల్దేరాను. వద్దంటుందనుకున్న నీలిమ పట్టుచీర కట్టుకుని నాకంటే ముందే గేటు దగ్గర నిలబడింది.

హాలంతా గుడ్డలతో అలంకరించారు. కిటికీలన్నీ తెరలతో మూసేశారు. కనకలత గుమ్మంలో మమ్మల్ని చూసి, "రండి రండి, ఇంత పెందరాళే..." అని మధ్యలో ఆపేసింది. మూడో వరసలో చివర కూర్చున్నాం. వేదిక మీద శశి పక్కన పలాస నుంచి వచ్చిన ఎవరో బావమరిది వరస ఆయన. శశి నన్ను చూశాడు, కళ్ళు దించేసుకున్నాడు. ప్రసన్న మటుకు చూసి నవ్వింది.

పంతులు గారు లగ్నపత్రిక చదివారు. రెండువైపులవాళ్ళూ పళ్ళాలు చేతుల్లోకి తీసుకున్నారు. కరెంటు పోయింది.

మైకు ఆగింది, ఫ్యాన్లు ఆగాయి. హాలంతా చీకటి. ఆ చీకట్లో కుర్చీలు కదిలిన చప్పుడు. పక్క గోడ వైపు నుంచి హరిత ఫ్లాష్ ఒక్కసారి మెరిసింది. ఆ వెలుగులో కనిపించారు. ముందు వరసలవాళ్ళు, వేదిక మీదవాళ్ళు, సంజయ్, కనకలత, శశి. అందరూ నావైపు తిరిగి ఉన్నారు.

జనరేటర్ వేశారు. తాంబూలాలు మార్చుకున్నారు. ఒక్కరు కూడా నవ్వలేదు. నాలుగేళ్ళుగా వికెట్టు పడ్డ ప్రతిసారీ నవ్వినవాళ్ళు. ఇవాళ నవ్వి ఉంటే బాగుండేది. నవ్వి ఉంటే ఆట అనుకునేవాణ్ణి.

అక్షింతలు వేయడానికి వెళ్తే ప్రసన్న వంగి నా కాళ్ళకి దణ్ణం పెట్టింది. పెట్టనిచ్చారు. భోజనం చేయకుండా వచ్చేశాం.

అదే రోజు, సాయంత్రం

ఫ్లాష్ ఎంతసేపని? ఒక్క క్షణం. శశి నవ్వాడేమో, నాకు కనిపించలేదేమో అని మధ్యాహ్నమంతా అదే ఆలోచన. హరితకి ఫోను చేసి ఆ ఫోటో పంపమన్నాను. ఈసారీ వద్దంకుల్ అంది. అయినా పంపింది.

శశి నవ్వలేదు. వాడి మొహంలో భయం. చిన్నప్పట్నుంచీ ఎరిగిన మొహం, పొరబడే వీల్లేదు.

ఆ ఫోటోలో నవ్వుతున్నవాడు ఒక్కడే ఉన్నాడు, అది నేను. చీకట్లో, ఎవరూ ఏమీ అనకముందే, జోకు నేనే వేసేద్దామని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. నాకు నన్ను చూస్తే సిగ్గేసింది, ఆ తర్వాత జాలేసింది.

నా పక్కన నీలిమ. హాలంతా నన్ను చూస్తుంటే ఆవిడ నన్ను చూడటం లేదు. మెడ నిటారుగా పెట్టి, నన్ను చూస్తున్నవాళ్ళని చూస్తోంది. అంత కోపం ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ ఎవరెవరి మొహాలో చూస్తూ కిటికీ దగ్గర నిలబడ్డాను.

అదే రోజు, రాత్రి భోజనాలయ్యాక

ఇవాళ్టి నుంచి మళ్ళీ ఆస్ట్రేలియాతోనే టీ ట్వంటీలు. మొదటిది విశాఖపట్నంలో. మన ఇంట్లో టీవీ పెట్టాను. నీలిమ పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. ఇంట్లో సోఫా ఇంత మెత్తగా ఉంటుందని మర్చిపోయాను.

మన బ్యాటింగు మొదలవగానే రెండు వికెట్లు వెంటవెంటనే పడ్డాయి. ఫోను మోగింది. శశి. వెనక సంజయ్ వాళ్ళ గోల, నవ్వులు. పొద్దున్న ఏమీ జరగనట్టే.

"ఒరే ఉదయ్! టీవీ పెట్టావేట్రా? కట్టీ బాబూ, కట్టీ!"

మామూలుగా అయితే ఈపాటికి నేను కూడా నవ్వేయాలి. నవ్వు రాలేదు.

"చూస్తున్నాన్రా" అన్నాను.

ఫోను పెట్టేశాను.

"ఎవరు?" అంది నీలిమ.

"శశి."

"ఏటంట?"

"టీవీ కట్టేయమంటున్నాడు."

నీలిమ చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టింది. చేతులు కొంగుకి తుడుచుకుని, రిమోట్ తీసుకుని సౌండు పెంచింది.

మ్యాచ్ ఆఖరుదాకా చూశాం. ఎవరు గెలిచారో ఇక్కడ రాయను.